మన చేపల ఒప్పందాలన్నీ ఒకే రోజున ముగియనివ్వండి: హిందూ మహాసముద్ర కమిషన్ మంత్రుల మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రులకు నమస్కారం.

2020 ఆగస్టు 9, ఆదివారం. మారిషస్‌లోని మహెబూర్ ఒడ్డున గట్టు మీద కూర్చుని, వలగుడ్డతో కుట్టిన సంచుల్లోకి ఎండు చెరకు ఆకు దట్టిస్తున్నాను. నా పక్కన ఒక ముస్లిం ఇల్లాలు, ఆమె పక్కన జాలరి ఇంటి క్రియోల్ కుర్రవాడు, ఎదురుగా ఇద్దరు బడిపిల్లలు. సంచి నిండగానే ఒకరు మూతి కుట్టేవారు. ఇంకొకరు అది తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టేవారు. అలా తయారైన పొడవాటి దిండును నలుగురు మోసుకెళ్ళి నీళ్ళలో దించి, నల్లటి తెట్టుకు అడ్డం పెట్టేవారు. వకాషియో అనే ఓడ జులై 25న పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ ఎక్కింది. పన్నెండు రోజులు అక్కడే చిక్కుకుని, ఆగస్టు 6న పగిలి, సుమారు 1,000 టన్నుల చమురును మా నీళ్ళలోకి వదిలింది.

చెరకు ఆకు అంచు రంపంలా ఉంటుంది. సాయంత్రానికి నా అరచేతులు గీరుకుపోయాయి. కోరంగి రేవులో ఓడెక్కి ఈ దీవికి కూలికి వచ్చిన మా ముత్తాతల అరచేతులను గీరింది కూడా ఈ ఆకే. ఇప్పటికీ మమ్మల్ని ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు ‘కోరంగీలు’ అనే పిలుస్తారు. ఆ రోజు మాత్రం ఆ ఆకు మా సముద్రాన్ని కాపాడుకోవడానికి పనికొచ్చింది.

ఆ వారంలో త్వరగా అందిన సాయాల్లో ఒకటి ఫ్రాన్స్‌లో భాగమైన పొరుగు దీవి రియూనియన్ నుంచి వచ్చింది. చమురును అడ్డగించే సామగ్రిని అక్కడి నుంచి సైనిక విమానం మోసుకొచ్చింది. తర్వాత భారతదేశం 30 టన్నుల సామగ్రిని, కోస్ట్‌గార్డ్ నిపుణులను పంపింది. జపాన్ నిపుణులూ వచ్చారు. ఎవరు ఎంత సాయం చేసినా, ఆపద వేళ తలుపు తట్టగానే పలకగలిగేది పక్కింటివారే. అలాంటి పక్కింటివారిని చేపల ఒప్పందాల బేరానికి వెళ్ళేటప్పుడు ఎందుకు వెంటబెట్టుకు వెళ్ళడం లేదని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను మారిషస్ దక్షిణాన రోజ్ బెల్‌లో చిన్న కిరాణా కొట్టు నడుపుతాను. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. మీ కమిషన్ వ్యవహారాలు ఫ్రెంచిలో సాగుతాయి కాబట్టి ఈ లేఖ ఫ్రెంచి ప్రతిని మీకు విడిగా అందజేస్తున్నాను. అయినా ముందు తెలుగులోనే రాశాను. ఉగాదికి దేశమంతటికీ సెలవిచ్చే దేశం మాది. ఈ భాషలో పండగ చేసుకుంటే చాలదు, దేశం బాగోగుల గురించి ఈ భాషలో వాదించాలి కూడా అని నా పిల్లలకు చెప్పేదాన్ని. పైగా 2020 నుంచి భారతదేశం మీ కమిషన్‌లో పరిశీలక హోదాలో ఉంది. విశాఖపట్నంలో, కాకినాడలో సముద్రాన్ని నమ్ముకుని బతికేవారికి ఈ సంగతి పరాయిదేమీ కాదు.

ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పాలి. 1982 డిసెంబరులో మారిషస్, మడగాస్కర్, సీషెల్స్ మా పోర్ట్ లూయీలో కూర్చుని ఈ కమిషన్‌కు పునాది వేశాయి. 1984లో సీషెల్స్ రాజధాని విక్టోరియాలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1986లో కొమొరోస్, దానితోపాటు రియూనియన్ తరఫున ఫ్రాన్స్ వచ్చి చేరాయి. అప్పటి నుంచి జరిగిన పనులు చిన్నవేమీ కావు. 2005-06లో చికున్‌గున్యా రియూనియన్ జనాభాలో మూడో వంతు మందిని మంచాన పడేసింది. దోమకు సరిహద్దులు ఉండవని ఆ దెబ్బకు తెలిసింది. దీవులన్నిటి వ్యాధి నిఘా విభాగాలను కలిపి మీరు సేగా అనే వ్యవస్థను నిర్మించారు. సముద్రంలో అనుమానాస్పద ఓడల కదలికలు కనిపెట్టడానికి మడగాస్కర్‌లో ఒక కేంద్రం, ఆ సమాచారంతో గస్తీని నడిపించడానికి సీషెల్స్‌లో ఇంకొకటి పెట్టారు. మీ చొరవతో మొదలైన మెటిస్ ఇంటర్నెట్ కేబుల్ 2021 నుంచి మడగాస్కర్, రియూనియన్, మారిషస్‌లను దక్షిణాఫ్రికాతో కలుపుతోంది. నా కొట్టులో కార్డు యంత్రం ఆగకుండా పనిచేస్తోందంటే సముద్రం అడుగున పరచిన అలాంటి తీగల చలవే.

ఇవన్నీ అధికారులు, నిపుణులు ఓపికగా చేసుకొచ్చిన పనులు. దేశాధినేతల శిఖరాగ్ర సమావేశాలు మాత్రం 1991లో, 1999లో, 2005లో, 2014లో, 2025లో, మొత్తం ఐదుసార్లే జరిగాయి. మన నీళ్ళలోని చేపకు ధర కట్టడం లాంటి పెద్ద నిర్ణయాలు అధికారుల స్థాయిలో తెమిలేవి కావు. అందుకే మీకు రాస్తున్నాను.

నాకు బాగా తెలిసిన సరుకుతో మొదలుపెడతాను. మా దీవిలో దాల్ పూరీ తినని మనిషి ఉండడు. పూరీ మధ్యలో పెట్టే కూర గ్రో ప్వా గింజలతో వండుతారు. తెల్లగా, వెడల్పుగా, చిక్కుడు జాతికి చెందిన గింజలవి. రాత్రి నానబెడితే పొద్దునకు రెట్టింపు ఉబ్బుతాయి, ఉడికాక వెన్నలా నలుగుతాయి. అవి మడగాస్కర్ నైరుతి మూల నుంచి, తులియారా వైపు నుంచి వస్తాయి. మా నాన్నగారి కాలంలో గోనె సంచి విప్పగానే కాస్త ఎర్రమట్టి రాలేది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఈ ఏడు వానలు పడ్డాయా లేదా అని అంచనా వేసేవారు.

ఒకసారి నేను, ఇంకో ఇద్దరు చిన్న వర్తకులు కలిసి ఆ గింజలు నేరుగా తెప్పించుకుందామని పూనుకున్నాం. సరుకు వచ్చింది, కాగితం రాలేదు. మొక్కలకు తెగుళ్ళు లేవని చెప్పే ధ్రువపత్రం అసలు ప్రతే కావాలన్నారు, నకలు చెల్లదన్నారు. మూడు వారాలు గింజలు గిడ్డంగిలో ఉండిపోయాయి. అద్దె మేమే కట్టాం, పురుగు పట్టిన సంచులు మేమే పారబోశాం. ఎవరినీ పేరు పెట్టి నిందించడం నా ఉద్దేశం కాదు, అక్కడి ఉద్యోగి నియమం ప్రకారమే నడుచుకున్నాడు. డబ్బు చెల్లించడం ఇంకో తంటా. మా రూపాయి ముందు యూరో కావాలి, ఆ యూరో మళ్ళీ మడగాస్కర్ డబ్బు అరియారి కావాలి. పక్క దీవిలోని రైతుకు చేరవలసిన డబ్బు ఐరోపా చుట్టూ తిరిగి వెళ్ళింది, ప్రతి మలుపులోనూ కొంత తరిగింది. పెద్ద దిగుమతిదారులు వీటిని తట్టుకోగలరు. మాలాంటివాళ్ళు ఒకసారి చేతులు కాల్చుకుని మానుకుంటారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. మడగాస్కర్‌ను హిందూ మహాసముద్ర దీవుల ధాన్యాగారంగా చేయాలని మీ వేదికల మీద చాలా ఏళ్ళుగా వింటున్నాం. 2025 శిఖరాగ్ర సమావేశం కూడా ఆహార భద్రత మీదే జరిగింది. తినే తిండిలో నాలుగింట మూడు వంతులు బయటి నుంచి తెచ్చుకునే మారిషస్‌కు ఆ ఆలోచన తీపిగా ఉంటుంది. అయితే 2021లో కరవు వచ్చి మడగాస్కర్ దక్షిణాన జనం ఆకులూ అలములూ తిని బతికారు. గింజలు పండించేవాడి పిల్లలు పస్తులుంటే ఆ ధాన్యాగారం ఎవరి కోసం? అక్కడి చెరువులకు, రోడ్లకు, గిడ్డంగులకు మనం కూడా పెట్టుబడి పెట్టాకే అక్కడి గింజల మీద మనకు హక్కు.

సరే, ఆ ధ్రువపత్రం ఇబ్బంది తీరిందనుకుందాం, డబ్బు సూటిగా వెళ్ళే దారి ఏర్పడిందనుకుందాం. అప్పుడు మన మధ్య వ్యాపారం ఉప్పెనలా పెరుగుతుందా? పెరగదనే నేననుకుంటాను. ఫ్రాన్స్‌ను పక్కనపెడితే మన నాలుగు దేశాలూ కోమెసా అనే ఆఫ్రికా ఉమ్మడి విపణిలో ఉన్నాయి, దక్షిణాఫ్రికా ప్రాంత దేశాల కూటమిలోనూ ఉన్నాయి. సుంకాల తగ్గింపు ఒప్పందాలకు కొదవ లేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. మనం పండించేవి ఇంచుమించు ఒకటే. వనిల్లా, లవంగం మడగాస్కర్‌లోనూ ఉన్నాయి, కొమొరోస్‌లోనూ ఉన్నాయి. చెరకు మా దగ్గరా ఉంది, రియూనియన్‌లోనూ ఉంది. సముద్ర తీరం చూపించి పర్యాటకులను పిలవడం అందరూ చేసేదే. కొబ్బరి చెట్టు ఉన్నవాడు కొబ్బరి చెట్టు ఉన్నవాడికి కాయలు ఎంతని అమ్ముతాడు? సీషెల్స్ జనాభా లక్షా ఇరవై వేలు, మా జనాభా పన్నెండున్నర లక్షలు. మడగాస్కర్‌లో మూడు కోట్ల మంది ఉన్నా వారి కొనుగోలు శక్తి చిన్నది. చిన్న దీవులు ఒకదానికొకటి అమ్ముకుని బాగుపడతాయని ఎవరో పెద్ద దేశాల పాఠం చదివి మనకు చెప్పారు. చిన్నవాళ్ళకు కలయిక వల్ల వచ్చే అసలు లాభం బయటివాడితో బేరం ఆడేటప్పుడు వస్తుంది.

ఈ సంగతి మారిషస్‌కు కొత్త కాదు. మా చక్కెరను 1919 నుంచి ఒకే సంస్థ అమ్ముతోంది. దాని పేరు మారిషస్ షుగర్ సిండికేట్. మిల్లు ఎవరిదైనా, తోట ఎంతదైనా, అమ్మకం ఒక్కచోటే. మా తాతయ్యకు రెండెకరాల లోపు చెరకు ఉండేది. చదువుకోలేదు, లండన్ ఎటువైపు ఉందో ఆయనకు తెలియదు. పెద్ద తోటల దొరల చక్కెరకు, ఆయన చెరకు నుంచి తీసిన చక్కెరకు బేరం ఆడే మనిషి మాత్రం ఒక్కడే. ఆ ఏర్పాటులో అన్యాయాలు లేవని నేను అనను, మిల్లు దగ్గర తూకం గురించి ఆయన తిట్టిన తిట్లు నాకు గుర్తున్నాయి. అయినా రెండెకరాల రైతు విడిగా సంతకు వెళ్ళి నిలబడవలసిన గతి ఆయనకు పట్టలేదు.

దేశం స్థాయిలోనూ ఇదే జరిగింది. 1975లో ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలు ఒక్కటిగా కూర్చుని ఐరోపాతో చక్కెర ఒప్పందం సాధించాయి. హామీ ధర మీద కొనే ఆ చక్కెరలో అన్నిటికంటే పెద్ద వాటా మాదే, ఏటా దాదాపు 5 లక్షల టన్నులు. మా బడులు, ఆసుపత్రులు ఆ డబ్బుతో కట్టినవే. 2006 తర్వాత ఐరోపా ఆ ధరను మెట్లు మెట్లుగా 36 శాతం తగ్గించింది. 2009లో ఒప్పందమే ముగిసింది. మా ఊళ్ళో పక్కపక్కనే ఉన్న మూడు చిన్న తోటలు ఆ ఏళ్ళలోనే బీడు పడ్డాయి, అందులో ఒకటి మా తాతయ్యది. కలిసి నిలబడినప్పుడు ఏం దక్కిందో, అవతలివాడు తెంచుకున్నప్పుడు ఏం పోయిందో రెండూ చూసినవాళ్ళం మేము.

ఇప్పుడు చేపల దగ్గరకు వస్తాను.

మన నీళ్ళలో ట్యూనా పట్టే పెద్ద నౌకల్లో స్పెయిన్, ఫ్రాన్స్ జెండాలవి ముఖ్యమైనవి. రింగు వలను పోలిన, కానీ దానికి ఎన్నో రెట్లు పెద్దదైన వలతో ఒక మందను మొత్తంగా చుట్టేస్తాయి. వాటి తరఫున యూరోపియన్ యూనియన్ మన దేశాలతో ఒప్పందాలు చేసుకుంటుంది. సీషెల్స్‌తో 2020లో ఆరేళ్ళకు కుదిరిన ఒప్పందంలో ఏడాదికి 53 లక్షల యూరోలు. మారిషస్‌తో 2022 చివర నాలుగేళ్ళకు కుదిరినదానిలో ఏడాదికి 7 లక్షల 25 వేల యూరోలు. మడగాస్కర్‌తో 2023లో నాలుగేళ్ళకు కుదిరినదానిలో ఏడాదికి 18 లక్షల యూరోలు. నౌకల యజమానులు కట్టే రుసుము దీనికి అదనం. కొమొరోస్‌తో ఉన్న ఒప్పందం 2018లో రద్దయింది. అక్రమ చేపల వేటను అడ్డుకోవడంలో కొమొరోస్ విఫలమైందని ఐరోపా అంతకుముందే ఎర్ర కార్డు చూపింది.

అంకెలకంటే తేదీలను చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఒకటి 2026 ఫిబ్రవరిలో, ఇంకొకటి 2026 డిసెంబరులో, మరొకటి 2027 జూన్‌లో ముగిసేలా రాశారు. ఇది ఎవరి కుట్రా కాకపోవచ్చు, దేని దారిన అది మొదలైంది కాబట్టి దేని దారిన అది ముగుస్తోంది. ఫలితం మాత్రం అవతలివారికే అనుకూలం. మడగాస్కర్ ధర పెంచమని గట్టిగా నిలబడిన రోజున, సీషెల్స్ నీళ్ళు తెరిచే ఉంటాయి. సీషెల్స్ బిగించిన రోజున మారిషస్ నీళ్ళు తెరిచి ఉంటాయి. ట్యూనా ఒకచోట నిలిచే చేప కాదు. ఈ నెల సీషెల్స్ నీళ్ళలో తిరిగిన మంద కొన్ని నెలల్లో మొజాంబిక్ కాలువలోకి వెళుతుంది. మన నాలుగు నీళ్ళలో ఏదో ఒకటి తెరిచి ఉంటే నౌకకు పని ఆగదు, ఎదురుచూసే ఓపికా దానికే ఉంటుంది. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు మనం ఉన్నంతకాలం బేరం వాళ్ళ చేతిలోనే.

పసిఫిక్‌లో ఈ ముడిని విప్పారు. ఆ కథ మన మంత్రులందరికీ తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే అదీ 1982లోనే మొదలైంది. ఆ ఏడాది నౌరూలో పసిఫిక్ దీవులు కొన్ని ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. 21 చదరపు కిలోమీటర్ల నౌరూ, కిరిబాటి, మార్షల్ దీవులు, మైక్రోనేషియా, పలావు, పాపువా న్యూ గినియా, సొలొమన్ దీవులు, తర్వాత చేరిన తువాలు కలిపి ఇప్పుడు ఎనిమిది. అంతకుముందే సొలొమన్ దీవుల రాజధాని హొనియారాలో అందరికీ కలిపి ఒక మత్స్య సంస్థ ఉంది. కానీ చేప ఎక్కువగా ఎవరి నీళ్ళలో ఉందో వాళ్ళు విడిగా ఒక చిన్న జట్టు కట్టారు.

వాళ్ళ దారి పూలబాట కాదు. 1984లో సొలొమన్ దీవులు తమ నీళ్ళలో అనుమతి లేకుండా వేటాడిన ఒక అమెరికా నౌకను పట్టుకుంటే, అమెరికా వాళ్ళ చేపల దిగుమతినే ఆపేసింది. ఒంటరి దీవికి దక్కిన జవాబు అది. ఆ తర్వాత పసిఫిక్ దీవులన్నీ కలిసి కూర్చున్నాయి, 1987లో అదే అమెరికా వాళ్ళందరితో కలిపి ఒకే ఒప్పందం చేసుకుని డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. మూడేళ్ళలో సముద్రమూ మారలేదు, చేపా మారలేదు. బల్లకు ఇవతల కూర్చున్నవారి సంఖ్య మారింది.

అసలు మలుపు 2007లో మొదలైన ‘నౌక దినాల’ పద్ధతి. నౌకల సంఖ్యకు పరిమితి పెట్టడం మానేసి, తమ నీళ్ళలో ఒక నౌక ఒక రోజు వేటాడే హక్కును అమ్మడం మొదలుపెట్టారు. ఏడాదికి మొత్తం ఎన్ని రోజులో కలిసి నిర్ణయిస్తారు, దేశాలవారీగా పంచుకుంటారు, రోజుకు కనీస ధర పెడతారు. ఆ ధర 2012లో 5,000 డాలర్లు, 2014లో 6,000, 2015లో 8,000. ఎల్ నినో వచ్చి చేప తూర్పుకు వెళితే పడమటి దేశం తన దగ్గర మిగిలిన రోజులను తూర్పు దేశానికి అమ్ముకోవచ్చు. మా నీళ్ళలో వేటాడాలంటే మా మధ్యనున్న అంతర్జాతీయ జలాల్లో వేటాడకూడదనే షరతు కూడా పెట్టారు. 2010లో ఎనిమిది దేశాలకూ కలిపి సుమారు 6 కోట్ల డాలర్లు వచ్చేది. పదేళ్ళు తిరక్కుండానే అది 50 కోట్ల డాలర్ల దరిదాపులకు చేరింది. కిరిబాటి, తువాలు ప్రభుత్వాల రాబడిలో సగానికి పైగా ఈ చేప నుంచే వస్తున్న ఏళ్ళున్నాయి.

మన కథ అచ్చంగా అలాగే నడుస్తుందని నేను చెప్పడం లేదు. ప్రపంచపు ట్యూనాలో సగానికి పైగా పడేది వాళ్ళ సముద్రంలో. మన దగ్గర అంత చేప లేదు. హిందూ మహాసముద్రంలో వేటలో చెప్పుకోదగ్గ భాగం అంతర్జాతీయ జలాల్లో సాగుతుంది. ఇరాన్, ఒమన్, శ్రీలంక, భారత్, ఇండోనేషియా పడవలు పట్టే చేప కూడా ఎక్కువే. మన నలుగురం తాళం వేసినంత మాత్రాన సముద్రం మూతపడదు. తూర్పు ఆఫ్రికా తీరంలోని కెన్యా, టాంజానియా, మొజాంబిక్ కూడా ఒకనాటికి ఈ జట్టులోకి రావాలి. అయినా పెద్ద నౌకల వేటకు మన నీళ్ళు ముఖ్యం, వాటికంటే మన రేవులు ముఖ్యం. పట్టిన చేపను దించడానికి, మరో ఓడలోకి మార్చడానికి అవి విక్టోరియాకు, పోర్ట్ లూయీకి, మడగాస్కర్‌లోని అంత్సిరనానాకు రాక తప్పదు. ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీలు మూడు చోట్లా ఉన్నాయి. మన నీళ్ళలో పట్టని చేప కూడా మన రేవులకే వస్తుంది. అలాంటి ఫ్యాక్టరీలు పసిఫిక్ చిన్న దీవులు చాలావాటికి లేవు.

సీషెల్స్ మంత్రిగారికి ఒక మాట. ‘అందరికంటే ఎక్కువ చేప మా దగ్గరుంది, పంచుకుంటే నష్టపోయేది మేమే’ అని మీ అధికారులు అనవచ్చు. పంచుకోమని అడగడం లేదు. నౌరూ జట్టులో ఎవరి రోజుల డబ్బు వారిదే. ఉమ్మడిగా ఉండేది కనీస ధర ఒక్కటే, దానికంటే కిందకు ఎవరూ దిగకూడదనే మాట ఒక్కటే. ఎక్కువ చేప ఉన్నవారికే ఆ కనీస ధర వల్ల ఎక్కువ లాభం. పైగా మీరు, మేము కలిసి ఇంతకంటే కష్టమైన పని చేసి చూపించాం. మాస్కరీన్ పీఠభూమి మీద 3,96,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగు నేలను చెరి సగం కోసుకోకుండా, ఉమ్మడిగా చూసుకుంటామని 2012లో ఒప్పందం రాసుకున్నాం. గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే లోకంలో రెండు దేశాలు గట్టే వద్దనుకున్నాయి. ఆ రోజు పత్రికలో వార్త కత్తిరించి నా తరగతి గోడకు అంటించాను. ఆ ఒప్పందం అడుగు నేలకే వర్తిస్తుంది, చేపకు వర్తించదు. కానీ ఆ సంతకాలు పెట్టిన చేతులకు ఈ సంతకం భారం కాదు.

ఫ్రాన్స్ మంత్రిగారికి కూడా గౌరవంతో ఒక మాట. రియూనియన్ ప్రజలు మా బంధువులు. పెళ్ళిళ్ళకు వస్తారు, చావుకు వస్తారు, వకాషియో రోజున వచ్చారు. ఆ చుట్టరికంలో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ చేపల ఒప్పందం దగ్గర మీరు బల్లకు అవతలి వైపు ఉన్నారు. బేరం ఆడేది యూరోపియన్ యూనియన్, వేటాడే నౌకల్లో మీవి ఉన్నాయి, ఈ కమిషన్ పథకాలకు డబ్బు ఇచ్చేవాళ్ళలో ఐరోపా, ఫ్రాన్స్ ముందున్నాయి. కొనేవాడు, డబ్బు ఇచ్చేవాడు, ఇంటి సభ్యుడు ఒక్కరే అయిన చోట ఎవరి మనసులో మాట వారు చెప్పలేరు. అందుకని ఈ ఒక్క విషయంలో నాలుగు దేశాలూ విడిగా కూర్చునేందుకు మీరే పెద్దరికంతో దారి ఇవ్వండి. పసిఫిక్ ఎనిమిది కూడా పెద్ద సంస్థను వదులుకోలేదు, దాని లోపలే తమ గది కట్టుకున్నాయి. ఫ్రాన్స్ చేతిలో ఉన్నా పక్క దేశాలు తమవనే మయోట్, ట్రోమెలిన్, మడగాస్కర్ చుట్టూ ఉన్న చిన్న దీవుల తగాదాలు తేలేదాకా ఏదీ కదలదని కొందరు అంటారు. ఆ తగాదాలు నిజమైనవి, వాటిలో నాకూ అభిప్రాయాలున్నాయి. కానీ అవన్నీ ఫ్రాన్స్‌తో ఉన్నవి. ఈ గదిలో కూర్చునే నలుగురినీ అవి అడ్డుకోనక్కర్లేదు.

2019లో నైరుతి హిందూ మహాసముద్ర మత్స్య కమిషన్ విదేశీ నౌకలకు కనీస షరతులు ఎలా ఉండాలో మార్గదర్శకాలు తయారుచేసింది. మన దేశాలన్నీ అందులో ఉన్నాయి. నౌకలో పరిశీలకుడు ఉండాలి, పట్టినదంతా లెక్క చెప్పాలి వంటివి పాత కోరికలే, ఒక్కచోట చేర్చారు. ఎవరినీ కట్టిపడేయని కాగితం అది. దానికి పళ్ళు రావాలంటే మంత్రుల సంతకం కావాలి.

కనీస ధర ఎంత ఉండాలో నేను చెప్పలేను, అది లెక్కలు తెలిసినవారి పని. నౌక దినాలా, టన్నులా అనేది కూడా వాళ్ళే తేల్చాలి. నేను అడిగేది అంతకంటే చిన్నది, మీ చేతిలో ఉన్నది. ఇకముందు సీషెల్స్, మారిషస్, మడగాస్కర్ ఎవరితో చేపల ఒప్పందం చేసుకున్నా, కొమొరోస్ మళ్ళీ చేసుకున్నా, అది ఏ రోజున మొదలైనా సరే, ముగిసే తేదీ మాత్రం నాలుగింటికీ ఒకటే రాయండి. ఒకదాన్ని రెండేళ్ళకు, ఇంకొకదాన్ని మూడున్నరేళ్ళకు రాయవలసి రావచ్చు, పరవాలేదు. ఆ తేదీ దగ్గరపడేసరికి నాలుగు రాజధానుల్లోనూ ఒకే వేళకు కాగితాలు ముగియనివ్వండి. ఆ రోజున నౌకలకు తెరిచి ఉన్న పక్క నీళ్ళు ఉండవు. దీనికి కొత్త సంస్థ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు, దాత డబ్బు అక్కర్లేదు. ఒప్పందాల చివరి పుటలో ఒక పంక్తి మారితే చాలు.

చైనా, తైవాన్, జపాన్ నౌకలతో ప్రైవేటుగా కుదిరే అనుమతులకూ ఇదే నియమం పెట్టండి, వాటి ధరలను బయటపెట్టండి. ఐరోపా ఒప్పందాలనైనా మాలాంటివాళ్ళు చదవగలుగుతున్నాం.

వచ్చే మంత్రుల మండలి అజెండాలో ఈ అంశం చేర్చాలని కోరుతున్నాను. ఎబెన్‌లోని మీ సచివాలయం మా ఊరి నుంచి బస్సులో గంట ప్రయాణం. ఫ్రెంచి ప్రతిని తపాలాలో వేయను. సోమవారం కొట్టు మధ్యాహ్నానికే కట్టేసి, నేనే తీసుకొచ్చి ఇస్తాను. రసీదు అడుగుతాను.

ఇట్లు,
రోజ్ బెల్ నుంచి
ఒక కిరాణా వర్తకురాలు, ఒకప్పటి తెలుగు టీచరు